పాలసీ లేదమ్మా

ఆమె పోయిందని ఆమె బిడ్డ ఫోన్ చేసినప్పుడు నేను ప్రశ్నపత్రం తయారు చేస్తున్నాను. రాజనీతి శాస్త్రం, డిగ్రీ చివరి సంవత్సరం, ప్రభుత్వ విధానాల పేపరు. జగిత్యాలలో మా కాలేజీ స్టాఫ్ రూములోకి అప్పుడే చాయ్ వచ్చింది.

"సారూ, అమ్మ పోయింది. పొద్దుగాల. మీకు చెప్పుమని అమ్మ అనలే, నాకే చెప్పబుద్ధయింది" అన్నది ఆ అమ్మాయి. గొంతులో ఏడుపు లేదు.

"అయ్యో! ఎట్లయింది బిడ్డా?"

"దగ్గే సారూ. బీడీల దగ్గు. మీకెరుకే గదా. రేపు పొద్దుగాల సమాధి చేస్తం."

పెట్టేసింది. నేను ఫోన్ బల్ల మీద పెట్టాను. తర్వాత చాయ్ తాగాను. తర్వాత సగంలో ఆగిన మూడో ప్రశ్న పూర్తి చేశాను, పత్రం పంపడానికి ఆ రోజే ఆఖరు కాబట్టి. మరునాడు సమాధికి పోలేదు. పరీక్ష హాల్లో డ్యూటీ ఉంది. ఎవరినైనా అడిగి మార్చుకోవచ్చు, మార్చుకోలేదు. ఆమె గురించి రాయడానికి కూర్చున్నాను కాబట్టి ఈ సంగతులు ముందే చెప్పేయడం మంచిది. రాసేవాడు ఎలాంటివాడో తెలిసి చదవడం నయం.

ఆమె నా విద్యార్థి. నాకంటే పదేళ్ళు పెద్దది.

అప్పట్లో నేను గెస్ట్ లెక్చరర్‌ని. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య చదువుకుని, పీజీ చేసి, జగిత్యాలలో గది తీసుకుని ఉండేవాణ్ణి. ప్రతి ఏడూ కాలేజీ తెరిచేటప్పుడు మళ్ళీ పిలుస్తారో లేదో తెలియని ఉద్యోగం. ఆదివారాలు బస్సెక్కి కోరుట్లకు పోయి, అక్కడి దూరవిద్య కేంద్రంలో డిగ్రీవాళ్ళకు పాఠాలు చెప్పేవాణ్ణి. బట్టల దుకాణాల్లో పనిచేసేవాళ్ళు, ప్రమోషన్‌కు డిగ్రీ కావలసిన కండక్టర్లు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఏం చేయాలో తోచనివాళ్ళు అక్కడికి వచ్చేవారు. హాజరు వేయించుకుని వెనక తలుపులోంచి జారుకునేవారు. ఆమె మాత్రం మొదటి బెంచీలో గోడ పక్కన కూర్చుని చివరిదాకా ఉండేది.

చేతిలో ఏమీ లేకపోయినా ఆమె కుడి బొటనవేలు చూపుడువేలి మీద తిరుగుతూనే ఉండేది. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన చెయ్యి. పాఠం అర్థమవుతున్నంతసేపు ఆ వేలు నిదానంగా తిరిగేది. అర్థం కాకపోతే ఆగిపోయేది. నాకు కొద్దివారాల్లోనే అలవాటైంది. బోర్డు మీద రాస్తూ వెనక్కి తిరిగి ముందు ఆమె చేతినే చూసేవాణ్ణి. అది ఆగి ఉంటే మళ్ళీ మొదటి నుంచి చెప్పేవాణ్ణి. నేను బాగా పాఠం చెప్తానని తర్వాత పేరొచ్చింది. ఆ పేరులో సగం ఆ వేలిది.

మొదటి ఆదివారం అందరినీ అడిగాను, ఈ కోర్సులో ఎందుకు చేరారని. ఆమె వంతు వచ్చింది.

"పాలసీ అంటే ఏందో తెలుసుకుందామని సారూ."

క్లాసు నవ్వింది. ఆమె నవ్వు అయిపోయేదాకా ఆగి, నిలబడే చెప్పింది.

"మా ఆయన దుబాయిల సచ్చిపోయిండు సారూ." ఈ ప్రాంతంలో గల్ఫ్ అంతా దుబాయే. "బాడీ రాక, నేను గీ ఆఫీసుకు గా ఆఫీసుకు తిరిగిన. ఒక కాడ ఒక సారు, 'గిసొంటిదానికి పాలసీ లేదమ్మా' అన్నడు. నేను, 'అవు సారూ, మా ఆయన పాలసీ గట్టలే, మాకు పైసలెక్కడియి' అన్న. ఆఫీసు ఆఫీసంత నవ్వింది. పక్క టేబులాయన లేచి అచ్చి, 'ఏమన్నవమ్మా, మల్లోసారి చెప్పు' అన్నడు. మల్ల చెప్పిన. మల్ల నవ్విండ్రు. ఎందుకు నవ్విండ్రో బస్సెక్కినంక సుత నాకు తెలువలే. మా ఊరి టీచరమ్మ చెప్పింది, గా పాలసీ వేరు, కోరుట్లల ఆదివారం చెప్తరు పో అని."

ఈసారి క్లాసులో ఎవరూ నవ్వలేదు. నేను, "కూర్చో అక్కా" అన్నాను. 

పదో తరగతి చదివి ఆపేసిన మనిషి. అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరింది. కోరుట్లకు దగ్గరి ఊరు. భూమి ఎన్నడూ లేని కుటుంబం. తండ్రి కాలంలో చర్చిలో చేరారు. ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి క్లాసుకు వస్తున్నందుకు పాస్టర్ కోప్పడ్డాడని ఒకసారి చెప్పింది. "దేవుడు హాజరు తీసుకోడు సారూ, మీరు తీసుకుంటరు. నేనేం చేయాలె?" అన్నది. పుస్తకాలు పెట్టుకునే సంచి మీద కొండగట్టు అంజన్న బొమ్మ ఉండేది. పక్కింటివాళ్ళు దర్శనానికి పోయినప్పుడు తెచ్చిచ్చారట. సంచి గట్టిగా ఉందని అదే వాడేది.

ఆమె నోటి నుంచి 'ప్రభుత్వం' అనే మాట నేను వినలేదు. ఆమె అంతా టేబుళ్ళ లెక్కన చెప్పేది. "రెండో అంతస్తుల కిటికీ పక్క టేబులాయన", "లోపలి రూముల ఎడమ టేబులామె". జిల్లా పరిపాలన పాఠానికి నేను బోర్డు మీద డబ్బాలు గీసి, గీతలు కలిపి పెద్ద పటం వేశాను. అందరూ ఎక్కించుకున్నారు. ఆమె నోట్సు దిద్దుతుంటే చూశాను, నా డబ్బాల పక్కన పెన్సిల్‌తో చిన్నచిన్న అక్షరాల్లో రాసుకుంది. ఈయన మంగళవారం మంచిగ మాట్లాడుతడు. ఈమెకు కండ్లు కానరావు, పెద్దగ రాయాలె. ఈ కుర్చీల ఎవలు లేరు, ఏడాదైంది. నేను నవ్వుకుని 'గుడ్' అని రాశాను. నేను చెప్పాల్సిన పాఠం ఆ పెన్సిల్ రాతల్లోనే ఉందని అప్పుడు తట్టలేదు.

విధానం అంటే నిర్వచనం చెప్పిన రోజు నాకు ఇంకా బాగా గుర్తు. ఒక సమస్యను ఎవరూ పట్టించుకోకుండా వదిలేయడం కూడా ఒక రకంగా విధానమే అని చెప్పి, పక్క పేజీకి పోబోతున్నాను. ఆమె వేలు ఆగిపోయింది.

"సారూ, మల్లోసారి చెప్పుండ్రి."

మళ్ళీ చెప్పాను.

"అంటే ఏం చేయద్దని అనుకున్నా అది పాలసీయేనా?"

"అవునక్కా."

"అంటే గా సారు నాకు అబద్ధం చెప్పిండన్నట్టు. పాలసీ ఉండె."

గొంతు పెద్దది చేయలేదు. పెన్ను బెంచీ మీద పెట్టి, తల వంచుకుని, ఆ వాక్యం కింద రెండు గీతలు గీసింది. ఎన్నో ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నాను. నేను చెప్పిన ఒక్క వాక్యం ఎవరికైనా అంత లోతుకు దిగడం ఆ ఒక్కరోజే చూశాను.

అప్పుడు నేను పీహెచ్‌డీలో ఇరుక్కుని ఉన్నాను. గల్ఫ్ వలస కార్మికుల కుటుంబాలు, ప్రభుత్వ విధానాలు, ఇదీ అంశం. ఊళ్ళకు పోయి వివరాలు తేవాలి. నేను ప్రశ్నావళి పట్టుకుని రెండు మూడు ఊళ్ళు తిరిగాను. ఎవరూ సరిగా మాట్లాడలేదు. ఒక ఆదివారం క్లాసయ్యాక ఆ కాగితాలు ఆమెకు చూపించాను. చదివి, తిరిగిచ్చేసింది.

"కుటుంబ సభ్యుని మరణం, అవును, కాదు. గిట్లడిగితే ఎవలు చెప్తరు సారూ? నేనస్త పాండ్రి."

వచ్చింది. వాళ్ళ ఊరి చుట్టుపక్కల ఊళ్ళు ముందు తిరిగాం. తర్వాత కోనరావుపేటలో వాళ్ళ అక్క ఇంట్లో ఉండి, ఆ చుట్టుపక్కల, అక్కడి నుంచి ఎల్లంతకుంట దిక్కు. ఏ ఇంటికి పోయినా అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేవారు. ఆమె పోయి వాళ్ళ మధ్య కూర్చుని, ఎవరి చాటలోంచో ఇంత ఆకూ ఇంత తంబాకూ తీసుకుని తానూ చుట్టడం మొదలుపెట్టేది. కొంచెంసేపు వానల గురించి, కంపెనీవాళ్ళు బీడీలు ఏరి పారేయడం గురించి మాట్లాడి, ఆ మాటల్లోనే అడిగేది.

"అక్కా, గా ఫోన్ అచ్చినప్పుడు నువ్వు ఏం జేస్తున్నవ్?"

అంతే. ఆ ఒక్క ప్రశ్నతో అన్నీ వచ్చేవి. బియ్యం కడుగుతున్న అని ఒకామె. నాటేస్తున్న అని ఒకామె. పెద్దదానికి జడేస్తున్న, సగం జడ అట్లనే ఉండె అని ఒకామె. అక్కడి నుంచి ఏ ఆఫీసు, ఏ కాగితం, ఎవరు ఏమన్నారు, ఎన్నిసార్లు తిప్పారు, అన్నీ. నేను వెనక కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకునేవాణ్ణి. ఆ పద్ధతికి నా సిద్ధాంత గ్రంథంలో ఇంగ్లీషులో ఒక మంచి పేరు పెట్టాను. రెండు పేజీలు రాశాను దాని మీద. అది నేను రూపొందించిన పద్ధతి అని రాశాను.

ఆఖరున తన సంగతి కూడా చెప్పింది. కోనరావుపేట బస్సు కోసం ఎదురుచూస్తూ, రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, మొదటి ఫోన్ నుంచి పెట్టె ఇల్లు చేరేదాకా. చెప్పడం అయ్యాక అన్నది, "రాసుకోండ్రి సారూ. గని ఆఖరుకు అండ్ల ఏమున్నదో నాకు సుత చెప్పాలె."

"తప్పకుండా చెప్త అక్కా" అన్నాను.

ఆ ఏడు వేసవిలో ఆమె చివరి సంవత్సరం పరీక్షలు రాసింది. పేపర్లు దిద్దడానికి నన్ను మూల్యాంకనానికి పిలిచారు. పొడుగాటి హాలు, బల్లలు, కట్టలు. పేర్లు, నంబర్లు ఉన్న భాగం చింపేసి, కోడ్ వేసి ఇస్తారు. ఎవరి పేపరు ఎవరిదో తెలియదు. రెండో రోజు మధ్యాహ్నం ఒక పేపరు తెరిచాను. ప్రశ్న ఇది, విధానాల అమలులో ఎదురయ్యే సమస్యలను ఉదాహరణతో వివరించండి. జవాబు ఇలా మొదలైంది.

"ప్రశ్నలో అమలు అని ఉన్నది. మా ఇంట్లో అమలు ఈ విధంగా జరిగినది. మొదటి ఆఫీసులో, శవం రాలేదు కాబట్టి కాగితం ఇయ్యము అన్నారు. రెండో ఆఫీసులో, కాగితం లేదు కాబట్టి శవం రాదు అన్నారు. ఇద్దరు చెప్పింది రూలే. ఇద్దరు మంచివాళ్ళే. ఒకాయన నాకు చాయ్ కూడా తెప్పించినాడు. కాని ఇద్దరి నడుమ మా ఆయన ఐసులో ఉన్నాడు. పుస్తకంలో దీనిని సమన్వయ లోపం అన్నారు. నేను దీనిని ఏమనాలో నాకు తెలువదు."

ఇలా ఎనిమిది పేజీలు. ఒక్కొక్క మెట్టూ వరుసగా, ఏ ఆఫీసులో ఏది ఆగింది, ఎందుకు ఆగింది, ఆగకుండా ఉండాలంటే ఆ రెండు బల్లల మధ్య ఏం ఉండాలి. చివర తాను గీసుకున్న పటం కూడా వేసింది. మిగతా ప్రశ్నలకు తలా నాలుగు వాక్యాలే రాసింది. నేను అంత మంచి జవాబు అంతకుముందు దిద్దలేదు. ఆ తర్వాత కూడా దిద్దలేదు.

మాకిచ్చిన జవాబుల సూచికలో ఐదు పాయింట్లు ఉన్నాయి. నిధుల కొరత, సమన్వయ లోపం, రాజకీయ జోక్యం, అవినీతి, ప్రజల భాగస్వామ్యం లేకపోవడం. ఒక్కొక్కదానికి ఇన్ని మార్కులని. ఆమె జవాబులో ఒక్క మాట మాత్రమే ఆ సూచికలో మాటతో కలిసింది. నేను పేజీలు తిప్పుతూ ఆలస్యం చేస్తుంటే, హాలును చూసుకునే పెద్దాయన వెనక వచ్చి నిలబడి చదివాడు.

"ఇదేందయ్యా, జవాబా, దరఖాస్తా? పాయింటు ఏది? అప్రస్తుతం అని రాసి ముందుకు పో. కట్టలు పేరుకుపోతున్నయి."

ఆయన నా సిద్ధాంత గ్రంథాన్ని చూసే కమిటీలో ఉన్నాడు. అది నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. "సార్, ఇది నిజానికి..." అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను వాక్యం పూర్తి చేయలేదు. ఎర్ర పెన్నుతో జవాబు పక్కన 'అప్రస్తుతం' అని రాశాను. సున్నా వేయలేదు, రెండు మార్కులు వేశాను. ఆ రెండు మార్కులు వేసినందుకు ఆ సాయంత్రం నేను కొంచెం మంచివాణ్ణే అనుకున్నాను కూడా.

అదే వారంలో, జగిత్యాలలో నా గదిలో కూర్చుని, నా గ్రంథం నాలుగో అధ్యాయం టైపు చేశాను. రెండు ఆఫీసులు, ఒక కాగితం, ఐసులో ఒక మనిషి. ఇంగ్లీషులో, పట్టికతో సహా. ఆ అధ్యాయమే అన్నిటికంటే బాగుందని తర్వాత ఆ పెద్దాయనే మెచ్చుకున్నాడు.

ఫలితాలు వచ్చాక ఆదివారం ఆమె కేంద్రానికి వచ్చింది.

"ఒక్క సబ్జెక్టు పోయింది సారూ. గదే, పాలసీ."

"ఏం కాదక్కా. సప్లిమెంటరీ రాయి. ఈసారి పాయింట్లు రాయి. గైడ్‌లో ఉన్నయి చూడు, హెడ్డింగులు పెట్టి, కింద గీత గీసి."

"నేను రాసింది తప్పా సారూ?"

"తప్పని కాదు. పద్ధతి ఉంటది గదా."

తలూపింది. ఆ గైడు కొనుక్కుంది. మా కేంద్రం మెట్ల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, నిధుల కొరత, సమన్వయ లోపం అని చిన్నపిల్ల ఎక్కాలు చదివినట్టు వల్లె వేసేది. ఆ రోజుల్లో నేను పక్క తలుపులోంచి పోయేవాణ్ణి. మళ్ళీ పరీక్ష రాసింది. ఆ సబ్జెక్టులో కేంద్రంలో అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెకే వచ్చాయి. కోరుట్ల బస్టాండులో కనిపించి చెప్పింది. నేను సంతోషంగా చెయ్యి కలపబోయాను. ఆమె చేతులు సంచి మీదే ఉన్నాయి.

"ఈసారి నాకు ఎరుకున్నది ఒక్క ముక్క సుత రాయలే సారూ. పాసైన."

బస్సు వచ్చింది, ఎక్కింది.

డిగ్రీ వచ్చాక కూడా బీడీలే చుట్టింది. కాకపోతే చాట పక్కన ఒక కాగితాల అట్ట ఉండేదట. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వచ్చి దరఖాస్తులు రాయించుకునేవారు. ఆమె రాసే దరఖాస్తు కింద ఎప్పుడూ మూడు ఖాళీ గీతలుండేవి. వాటి పైన ఒక వాక్యం, "ఈ కాగితము తమరి దగ్గర ఆగినచో, ఎందుకు ఆగినదో ఇక్కడ రాయగలరు." ఆ గీతల మీద ఎవరూ ఏమీ రాయలేదని విన్నాను. ఒక ఆఫీసులో మాత్రం, ఈమె కాగితం వస్తే తొందరగా పక్క టేబులుకు జరిపేసేవాళ్ళని కూడా విన్నాను.

నాకు డాక్టరేట్ వచ్చింది, దానితోపాటు పక్కా ఉద్యోగం వచ్చింది. నేను ఆమెకు చెప్పలేదు. ఎవరి ద్వారానో తెలుసుకుని, సీతాఫలాల కాలంలో, సంచి నిండా సీతాఫలాలు పట్టుకుని జగిత్యాలలో మా కాలేజీకి వచ్చింది. అప్పటికే దగ్గు మొదలైంది. మెట్లెక్కి వచ్చి, స్టాఫ్ రూము గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడింది.

"బుక్కు అయ్యిందట గద సారూ. ఒక్కపాలి చూపెట్టుండ్రి."

అల్మారాలోంచి తీసిచ్చాను. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. బల్ల మీద పెట్టుకుని, చెయ్యి కొంగుకు తుడుచుకుని తెరిచింది. ఇంగ్లీషు. కొన్ని పేజీలు తిప్పింది.

"నేనెక్కడున్న సారూ?"

నాలుగో అధ్యాయం తీసి చూపించాను. అక్కడ ఆమె పేరు లేదు. సమాచారం ఇచ్చినవాళ్ళకు వరుస నంబర్లు వేశాను. ఆమెది ఏడు.

"గీ ఏడు నేనేనా?"

"పేర్లు పెట్టొద్దక్కా, పరిశోధనల రూలది. మీ మంచికే."

"నా పేరు పెట్టద్దని నేనన్ననా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ ఏడు అంకె మీద వేలు పెట్టి కొంచెంసేపు ఉంచింది. తర్వాత పుస్తకం మూసి, నా వైపు జరిపింది.

"సారూ, ఇంకొక ముచ్చట అడుగుదామని అచ్చిన."

నేను వెంటనే హాజరు పుస్తకం అందుకున్నాను. "క్లాసుకు టైమైంది అక్కా" అన్నాను, దాని పేజీలు తిప్పుతూ. క్లాసు లేదు. ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పమంటుందేమో, ఊరివాళ్ళందరి సంగతీ ఏమైందని అడుగుతుందేమో అని భయపడ్డాను. తల ఎత్తలేదు.

సీతాఫలాలు బల్ల మీద పెట్టింది. "ఏం లేదు తియ్యుండ్రి. పండ్లు రేపటికి మాగుతయి, గప్పుడు తినుండ్రి" అని వెళ్ళిపోయింది. మెట్ల మీద దగ్గు చాలాసేపు వినిపించింది. ఆ తర్వాత నేను ఆమెను చూడలేదు.

సమాధి అయిన మూడోనాడు వాళ్ళ ఊరికి పోయాను. రెండు గదుల ఇల్లు. అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు బీడీలు చుడుతున్నారు. నన్ను చూసి కొంచెం జరిగారు, చేతులు ఆపలేదు. బిడ్డ కోరుట్లలో మందుల దుకాణంలో పనిచేస్తుంది. తల్లి పోలికే, మాట కూడా తల్లి మాటే. ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోమంది. నేను అనాల్సిన మాటలు అన్నాను. మీ అమ్మ గొప్ప మనిషి, ఎంతోమందికి దారి చూపించింది అన్నాను. ఆ అమ్మాయి అన్నీ విని, లోపలికి పోయి కొన్ని జిరాక్సు కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఎనిమిది పేజీల జవాబు. మార్జిన్‌లో నా అక్షరాలు. జిరాక్సులో ఎరుపు రంగు నల్లగా పడింది.

"అమ్మ సమాచార హక్కు కింద పెట్టి తెప్పించుకున్నది సారూ. దరఖాస్తు ఎట్ల రాయాల్నో మీరే క్లాసుల నేర్పిండ్రట."

"ఎప్పుడు?"

"రెండోపాలి పాసైనంక. పాసైతివి గదనే, ఇగ ఎందుకే అని నేనన్న. 'ఏం తప్పు రాసిన్నో చూసుకుంట' అన్నది. కవరు ఇప్పి చూడంగనే గుర్తువట్టింది, గిది మా సారు రాతే అని."

మూడేళ్ళు ఆమె నోట్సులన్నీ దిద్దింది నేనే. నా రాత ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది?

"నన్నెప్పుడూ అడగలేదు" అన్నాను. ఆ మాట నాకే అసహ్యంగా వినిపించింది.

"అడుగుతననే జగిత్యాలకు అచ్చింది సారూ, సీతాఫలాలు వట్టుకొని. ఇంటికచ్చినంక, 'అడిగినవానే' అని నేనన్న. 'సారు నా మొకం దిక్కు చూస్తలేడు బిడ్డా. ఎరుకున్నోన్ని ఏమడుగుత' అన్నది."

 నేను సూచిక గురించి, ఆ పెద్దాయన గురించి, అప్పటి నా ఉద్యోగం గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి అడ్డుపడకుండా చివరిదాకా విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"ఒక్క మాట చెప్పుండ్రి సారూ. అమ్మ రాసింది తప్పా?"

"కాదు బిడ్డా. ఒక్క తప్పు లేదు."

"గీ మాట గీ కాగితం మీద రాసియ్యుండ్రి."

పెన్ను మూత తీసి ఇచ్చింది. తీసుకున్నాను. కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను. అప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన ఆమె గురించి కాదు. ఈ కాగితం రేపు ఎవరి చేతికైనా పోతే ఏమవుతుంది? దిద్దినవాడు తనది తప్పని చేత్తో రాసిచ్చాడని ఎవరైనా పైకి పంపితే? ఈ ఏడే నాకు ప్రమోషన్ రావాలి. ఈ ఆలోచనలన్నీ పెన్ను చేతికి తీసుకున్నంతసేపట్లోనే వచ్చాయి.

"ఇట్ల జిరాక్సు మీద ఎందుకు బిడ్డా? నీట్‌గా టైపు చేయించి, నా సంతకంతో పోస్టు చేస్త."

ఆ అమ్మాయి నన్ను చూసింది. పెన్ను తీసుకుని మూత పెట్టింది. కాగితాలు కూడా తీసుకుంది.

"సరే సారూ. చాయ్ తాగి పోండ్రి."

తాగి వచ్చాను.

టైపు చేయడానికి కూర్చున్నాను కూడా. రెండు వాక్యాలు రాశాను. మూడో వాక్యంలో 'అప్పటి పరిస్థితుల దృష్ట్యా' అని వచ్చింది. అది కొట్టేసి మళ్ళీ రాస్తే మళ్ళీ అదే వచ్చింది. వారం తర్వాత ఆ అమ్మాయి ఫోన్‌లో మెసేజ్ పెట్టింది, "సార్, రాసిండ్రా?" అని. "ఈ వారం పేపర్లు దిద్దుడున్నది బిడ్డా" అని జవాబిచ్చాను. ఆ అమ్మాయి చదివినట్టు ఫోన్‌లో నీలం టిక్కులు పడ్డాయి.

ఆ వారం నిజంగానే పేపర్లు దిద్దాను. ఆ అమ్మాయి మళ్ళీ అడగలేదు.